బకెట్టు మీద నిలబడి చూసిన పల్లి చేను

ఆ రోజుల్లో నా నోటికి శాతాలు తప్ప ఇంకో లెక్క వచ్చేది కాదు. అమ్మ చేసిన పచ్చిపులుసు డెబ్బై శాతం బాగుందనేదాన్ని. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎక్కిన షేర్ ఆటో నూట నలభై శాతం నిండిందనేదాన్ని. పెళ్లిచూపులకు వచ్చిన పిల్లగాడి నెత్తిన జుట్టు నలభై ఐదు శాతం పోయిందని అతని ముందే అనేసి, ఆ సంబంధాన్ని నూటికి నూరు శాతం చెడగొట్టుకున్న ఘనత కూడా నాదే. (నిజానికి యాభై పోయింది. మర్యాదకని ఐదు తగ్గించాను.) చేసే ఉద్యోగం అలాంటిది మరి. అవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాని నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో చెప్పాలంటే పర్సెంట్ సారు గురించి చెప్పాలి.

వ్యవసాయం చదువు పూర్తి చేసి, చంపాపేటలో మా కిరాయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆకులు చూడటం. వేళాకోళం కాదు, అదే ఉద్యోగం. ఎల్బీనగర్‌లో ఒక సందులో మందుల కంపెనీ ఆఫీసు ఉండేది. మనుషుల మందులు కాదు, పైర్ల మందులు. అవి పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి నాదర్‌గుల్ అవతల కొంత చెలక కౌలుకు తీసుకుని, వానకాలం పల్లి వేసి, చేనును చిన్న చిన్న మడులుగా చేసి, ఒక్కో మడికి ఒక్కో మందు కొట్టించేవాళ్లు. ఏ మడికి ఏ మందో ఆఫీసు వాళ్లకు తప్ప మాకు తెలియనిచ్చేవాళ్లు కాదు, తెలిస్తే కన్ను మొగ్గు చూపుతుందని. పల్లికి మచ్చ తెగులు వస్తుంది. ఆకు మీద నల్లటి గుండ్రటి మచ్చలు పడి, చుట్టూ పసుపు తిరిగి, చివరికి ఆకు రాలిపోయి మొక్క మోడుగా మిగులుతుంది. మా పని మడి తలాపున నిలబడి, అందులో ఎంత భాగం తెగులు పాలయిందో కంటితో చూసి శాతంలో చెప్పడం. కొలబద్ద లేదు, తూకం లేదు, కన్నే కొలత. ఇది అమ్మకు ఎన్ని తీర్ల చెప్పినా మింగుడు పడలేదు. "ఆకుల దిక్కు చూస్తే జీతమిస్తరా? మీ నాయిన బతుకంత మొగులు దిక్కు చూసిండు, ఎవ్వడన్న ఒక్క రూపాయిచ్చిండా?" అనేది. (మా నాన్న నల్గొండ దిక్కు మా ఊళ్లో వానల కోసం చూసి చూసి, ఇక చాలనుకుని పట్నం వచ్చి లారీ స్టీరింగు పట్టినవాడు.)

ఈ కన్నుకొలతలో నాకు గురువు పర్సెంట్ సారు. కోస్తా మనిషి. ఎప్పుడో పాతికేళ్ల కింద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాడు. తాటిచెట్టంత ఎత్తు, ఇస్త్రీ చొక్కా, మెడ మాత్రం ఎప్పుడూ నిటారు. ఎన్ని చేలు చూశాడో లెక్కలేదు. ఆయన ఒక నంబరు చెప్పాడంటే కంపెనీలో దానికి తిరుగులేదు. రెండోసారి చూడటం ఆయనకు పరమ అసహ్యం. "అమ్మాయ్, ఒక్క చూపు. మడి తలాపున నుంచో, మెడ తిప్పకు, తిన్నగా చూడు, నంబరు చెప్పెయ్. రెండోసారి చూశావంటే బేరం మొదలవుద్ది. అయ్యో పాపం అనిపిస్తే తగ్గిస్తావు, కోపమొస్తే పెంచుతావు. మొదటి చూపుకి చుట్టాలుండరు" అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు. "చిల్లర మచ్చల్ని నమ్మకు. పెద్ద మచ్చ ఒకటే ఉంటే తక్కువ చెప్తారు, అంతే జాగాలో చిన్నవి చెదురుమదురుగా ఉంటే గుండె గుభేలుమని రెట్టింపు చెప్తారు. మచ్చని చూడకు, మిగిలిన పచ్చ ఎంతుందో చూడు." మొదట్లో నేను ఆకలి మీద ఉన్నప్పుడు చెప్పిన నంబర్లు తిన్నాక చెప్పిన వాటికన్నా ఎక్కువ ఉండేవి. ఇది కనిపెట్టింది ఆయనే. అప్పటినుంచి పొద్దున పని మొదలుపెట్టే ముందు, "టిఫిను తిన్నావా?" అని అడిగి, తినకపోతే మడి ముట్టనిచ్చేవాడు కాదు.

పద్ధతి ప్రకారం ఇద్దరం చేను చెరో కొన నుంచి మొదలుపెట్టేవాళ్లం. ఒకరి నంబరు ఇంకొకరి చెవిన పడకూడదు. అన్ని మడులూ అయ్యాక వేపచెట్టు కింద టిఫిను డబ్బాలు తెరిచి నంబర్లు కలిపి చూసుకునేవాళ్లం. దగ్గరదగ్గరగా ఉంటే సరే. బాగా తేడా వస్తే, ఆ తేడాకు కారణం ఎవరో వాళ్లు తిరుగుదారిలో చాయ్ తాగించాలి. కారణం ఎప్పుడూ నేనే అని వేరే చెప్పాలా? ఆయన ముప్పై అంటే నేను యాభై. ఆయన ఇరవై అంటే నేను నలభై. "కొత్త కన్నుకి అంతా జబ్బుగానే కనబడుద్దిలే" అని సారు చల్లగా అనేవాడు. ఆ చల్లదనానికే నాకు ఒళ్లు మండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఓదార్చేవాణ్ణి ఏం చేస్తాం? "సార్, నేను చూసిందే చెప్పిన" అనేదాన్ని. "చూశావులే, తాగు తాగు" అని, నేను కొన్న చాయ్‌ని నాకే మర్యాద చేస్తూ అందించేవాడు. తిరుగుదారిలో ఎల్బీనగర్ చౌరస్తాలో, కొత్తగా తిరుగుతున్న మెట్రో రైలు కింద నిలబడి నేను తాగించిన చాయ్‌లతో ఆ హోటలాయన అరుగు గచ్చు చేయించుకున్నాడని నా అనుమానం.

ఆ సారు చూపు సంగతి కూడా చెప్పాలి. నాదర్‌గుల్‌లో విమానాలు నేర్చుకునేవాళ్ల కోసం చిన్న విమానాశ్రయం ఉంది. బొమ్మ విమానాల్లాంటివి చేను మీదుగా పోతుండేవి. చప్పుడు మా చెవిన పడకముందే సారు వేలు పైకి లేచేది, "అదిగో, వస్తన్నాడు" అని. మేం తలలెత్తి కళ్లు చిట్లించి వెతుక్కునేసరికి అది నెత్తిమీదికి వచ్చేది. "డేగ కన్నురా బాబూ" అని మమ్మల్ని చేను దాకా తెచ్చే కంపెనీ జీపు డ్రైవరు కూడా దండం పెట్టేవాడు. అదే మనిషి నా టిఫిను డబ్బాను తొక్కాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తొక్కాడు. స్టీలు మూత సొట్టపోయి, అమ్మ కట్టిన కోడిగుడ్డు కూర గట్టు మీద పారింది. ఇంకోరోజు మడి గట్టు తట్టుకుని బోర్లా పడబోయి, లేచి గట్టును తిట్టాడు. చెట్టు కింద పడుకున్న కుక్క తోక తొక్కితే అది చేను దాటి పరుగెత్తింది, దాని వెనక సారు, సారు వెనక నేను. మెట్రో మెట్ల దగ్గర ఆఖరి మెట్టు లేదనుకుని గాల్లో కాలేసి నా భుజం పట్టుకుని ఆగాడు. "తల మొగుల్ల ఉన్నోళ్లకు భూమ్మీద ఏం కనబడతది అమ్మా" అని ఇంట్లో నేను ఆయన నడక నడిచి చూపించేదాన్ని. అమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. ఆ నవ్వుల్లో నావి ఎంత శాతమో ఇప్పుడు చెప్పలేను.

వానలు ముదిరాయి, తెగులూ ముదిరింది, మా తేడా కూడా ముదిరింది. కంపెనీ మేనేజరుకు కబురు వెళ్లింది. ఆయన్ని మేం నల్లద్దాల సారు అనేవాళ్లం, ఎందుకంటే పచ్చాకు మీది పసుపును కూడా నల్లద్దాల్లోంచే చూసేవాడు. నన్ను ఆఫీసుకు పిలిపించి, "ఏంది మేడం, సారుకు మీకు జమీన్ ఆస్మాన్ ఫరక్ ఒస్తున్నది? పైన ఆఫీసోళ్లు నన్ను పరేషాన్ చేస్తున్నరు. ఒకసారి కండ్లు చూపించుకోండ్రి. గీ సీజన్ల సారుతోని కలిస్తె సరే, లేకుంటె ఇంకొకల్లను చూసుకుంటం" అన్నాడు. ఉద్యోగం పోతుందంటే నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. నా కళ్లకేం రోగం? అయినా దిల్‌సుఖ్‌నగర్ పోయి కళ్లజోళ్ల దుకాణంలో పరీక్ష చేయించుకున్నాను. గోడ మీది అక్షరాలన్నీ కిందివరుస దాకా గడగడా చదివేశాను. దుకాణం పేరు, కింద చిన్నక్షరాల్లో ఉన్న ప్రింటు చేసినవాళ్ల పేరు కూడా చదివాను. "మీ కండ్లకేం కాలే అక్కా, ఉత్తగ ఒచ్చిన్రు" అన్నాడు పరీక్ష చేసినతను నిరాశగా. అమ్మ మాత్రం ఆ మాట నమ్మలేదు. ఆదివారం ప్రార్థనలో సంఘమంతా వినేటట్టు, "ప్రభువా, నా బిడ్డ కండ్లల్ల ఏ దోషమున్నా తీసెయ్, సార్ తీరు చూపియ్యి" అని వేడుకుంది. పాస్టరమ్మ నా కళ్ల మీద చెయ్యిపెట్టి మరీ ప్రార్థించింది. నేను ఆ చేతి కింద కళ్లు తెరిచే ఉన్నాను, ఒళ్లు మండిపోతూ. మాలో ఎవరి కళ్ల కోసం వేడుకోవాలో ఆ హాలులో ఎవరికి తెలుసు!

ఆరోజు బువ్వ దగ్గర అమ్మ హితబోధ చేసింది. "పెద్దమనిషితోని పోటీ ఎందుకే నీకు? ఆయన ఇరవై అంటె నువ్వు గూడ ఇరవై అను. ఆకులేమన్న లేచొచ్చి సాక్ష్యం చెప్తయా?" బుద్ధి గడ్డితిని కొన్నాళ్లు అలాగే చేశాను. కంటికి కనబడిన నంబరులోంచి ఇరవై కొట్టేసి చెప్పడం మొదలుపెట్టాను. చిత్రం, అందరూ హాయిగా ఉన్నారు. నంబర్లు కలిసిపోయాయి. నల్లద్దాల సారు, "అట్ల రాండ్రి తొవ్వకు" అన్నాడు. పర్సెంట్ సారు తనే చాయ్ తాగించి, "పట్టేశావే అమ్మాయ్, కన్ను కుదురుకుంది" అని మురిసిపోయాడు. ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం, చేనొక్కటే మా మాట వినకుండా చచ్చిపోతోంది. మడుల తలాపున, వాన నీళ్లు పోయే కాలువ వైపు వరసలు మోడులై నిలబడ్డాయి. ఇరవై అని చెప్పిన మడి ముందు నిలబడితే నాకు ఎక్కిళ్లు వచ్చేవి. నేను అబద్ధం ఆడలేని సత్యవంతురాలినేం కాదు, బస్సులో సీటు కోసం ఎన్ని ఆడలేదు! కాని కనబడుతున్నదాన్ని కనబడలేదనడం ఎందుకో నావల్ల కాలేదు. ఒకరోజు వేపచెట్టు కింద నంబర్లు కలుపుకునేటప్పుడు నోరు జారింది. "నలభై సార్! నలభై, నలభై! నిన్న గూడ నలభయ్యే ఉండె. మీరు ఎట్లంటె అట్ల అననీకి నేనెందుకు, ఒక చిలకను పెట్టుకోండ్రి" అన్నాను. సారు ముఖం చిన్నబోయింది. ఆయన్ని ఎదిరించినందుకు కాదు. "అంటే ఇన్నాళ్లూ నాకోసం తగ్గించావా? తగ్గించినవన్నిటికీ తగ్గించినంతా కలిపి సరిచెయ్. అమ్మాయ్, తప్పు చెప్పినా ఓర్చుకుంటాను గాని, నా నంబరు నాకే తిప్పి చెప్తే నువ్వెందుకు ఇక్కడ?" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా ఒళ్లు మండింది, ఎందుకంటే అది నేను అనాల్సిన మాట.

నల్లద్దాల సారు పంచాయితీకి చేను దాకా వచ్చాడు. వచ్చి మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. సారు పొడుగు, నేను పొట్టి, కాబట్టి తేడా ఎత్తువల్ల వస్తోందట. ఆయన పైనుంచి చూస్తే పచ్చ కనబడుతుంది, నేను కిందినుంచి చూస్తే కాడలు కనబడతాయి. కాబట్టి నేను కూడా అంత ఎత్తు నుంచి చూడాలి. మందు కలిపే ప్లాస్టిక్ బకెట్టు తెప్పించి బోర్లించాడు. "ఎక్కండ్రి మేడం." చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా పనాపి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. చున్నీ నడుముకు చుట్టుకుని ఎక్కాను. బకెట్టు కిరకిరలాడింది. సారు నా పక్కన నిలబడితే మొదటిసారి మా ఇద్దరి తలలూ ఒక్క మట్టంలో ఉన్నాయి. మెడ తిప్పకుండా తిన్నగా ఒక్క చూపు చూశాను. "యాభై ఐదు!" అన్నాను. ఎత్తు పెరిగాక నంబరు ఇంకా పెరిగింది! కాలువ పక్క మడి అది, మా కాళ్ల ముందరి వరసలన్నీ బోడులే. "పాతిక" అన్నాడు సారు తాపీగా. ఆవేశంలో కాలు విసిరాను, బకెట్టు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. బురదలోంచి లేవకుండానే అరిచాను, "పీకుండ్రి! మొత్తం మడి పీకి కుప్పలు పెట్టుండ్రి! నాది తప్పయితె నౌకరీ మీరు తీసేసుడు కాదు, నేనే ఇడిసిపెట్టి పోత!"

అది చేను అంచున రక్షణకు వేసిన మడి, పరీక్ష లెక్కల్లోకి రాదు. అందుకే నల్లద్దాల సారు ఒప్పుకున్నాడు. ఆడవాళ్లు మొక్కల్ని పీకి, ఆకు రాలి మాడిపోయినవి ఒక కుప్ప, పచ్చగా ఉన్నవి ఒక కుప్ప వేశారు. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉన్నాను. మాడిన కుప్ప పెరిగింది, పెరిగింది, పచ్చదానితో సమానమైంది, ఇంకొంచెం దాటింది. ఇక లెక్కపెట్టే పని కూడా లేదు, గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. నేను ఎగిరాను. నిజంగానే, బురద బట్టలతో, పెళ్లి కావలసిన పిల్లనన్న సోయి లేకుండా కుప్పల చుట్టూ ఎగిరాను. "సూసిన్రా! సూసిన్రా సార్! ఎవల కండ్లకు రోగం? చాయ్ ఎవలు తాపాలె ఇప్పుడు?" ఆడవాళ్లు నవ్వుతున్నారు. నల్లద్దాల సారు మొదటిసారి అద్దాలు తీశాడు.

పర్సెంట్ సారు నవ్వలేదు, కోప్పడలేదు. పీకిన మడి తలాపున అలాగే నిలబడి ఉన్నాడు. కాసేపటికి, "అమ్మాయ్, ఆ మాడినవి మడిలో ఏ పక్కన ఉండేవి?" అని అడిగాడు. "గిక్కడనే గద సార్, మీ కాళ్ల కాడ. కాలువ దిక్కు వరసలన్నీ" అన్నాను, ఇంకా ఎగురుతూనే. ఆయన పక్క మడి దగ్గరికి నడిచాడు. తలాపున నిలబడి మెడ తిప్పకుండా తిన్నగా చూశాడు. తర్వాత, జీవితంలో ఎప్పుడూ చేయని పని చేశాడు. మెడ మెల్లగా కిందికి వంచాడు, మళ్లీ ఎత్తాడు. మళ్లీ వంచాడు. కుడికన్ను మూసుకున్నాడు, ఎడమకన్ను మూసుకున్నాడు. ఆ వంచడం ఎత్తడం ఎంతసేపు చేశాడో, నా ఎగురుడు దానంతట అదే ఆగిపోయింది. "నీ టిఫిను డబ్బా తొక్కింది ఇందుకా" అన్నాడు తనలో తాను. తర్వాత నావైపు తిరిగి, "అక్కడ జబ్బు మొక్కలు కనబడక కాదమ్మా. నాకసలు అక్కడ మొక్కలే లేవు. మంచివీ లేవు, చెడ్డవీ లేవు. లేవన్న సంగతి కూడా తెలీలేదు" అన్నాడు. ఎండలో నా ఒంటి మీద బురద ఆరి బిర్రుగా పట్టేసింది.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కళ్ల దవాఖానకు ఆయన్నీ, వాళ్లావిడ ఆంటీనీ తీసుకుపోయింది నేనే. (అమ్మ నన్ను తోసింది. "నువ్వే బయటవెట్టినవు, నువ్వే పో" అని.) అక్కడ ఒక యంత్రం ముందు కూర్చుని, గడ్డం ఒక గూట్లో ఆనించి, ఎదురుగా చుక్క వైపే చూస్తూ, ఎక్కడైనా వెలుగు మినుకుమంటే మీట నొక్కాలి. చూపు కదపకూడదు. సారు అదే ఒక్క చూపుతో, చేనులో నిలబడ్డట్టే కూర్చున్నాడు. పైన మినుకుమన్నప్పుడల్లా టక్కున నొక్కాడు. కింద మినుకుమంటున్నంతసేపూ ఆ వేలు కదలలేదు. నీటికాసుల జబ్బన్నారు. కంటిలో ఒత్తిడి పెరిగి లోపలి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుందట. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఏళ్లతరబడి తింటూ వచ్చిందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి. సారు అంతా విని, "ఎంత శాతం పోయింది డాక్టరు గారూ?" అని అడిగాడు. "అంత కచ్చితంగా చెప్పలేమండీ, సుమారుగా సగం" అన్నాడు డాక్టరు. "సుమారు అంటే? నలభై ఐదా, యాభై ఐదా? నంబరు చెప్పకుండా మడి దాటకూడదండీ!" డాక్టరు అయోమయంగా నా వైపు చూశాడు. "పరీక్ష ఇంకోసారి చేయాలండీ. అలిసిపోయినా, ఆకలి మీదున్నా ఫలితం కొంత మారుతుంది" అన్నాడు. దానికి సారు పెద్దగా నవ్వాడు, దవాఖాన వరండా అంతా తిరిగి చూసేటట్టు. "విన్నావా అమ్మాయ్? టిఫిను తినొచ్చానా అని అడుగుతున్నాడు!" ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వడానికి ప్రయత్నించాను. నాకు వచ్చింది ఏడుపు.

ఆఫీసుకు తనే వెళ్లాడు. "ఈ సీజను నా నంబర్లన్నీ కొట్టేయండి. అమ్మాయి సరిచేసినవి ఉంచండి. అమ్మాయి లెక్కే కరెక్టు" అన్నాడు. ఎన్ని నెలలుగా ఆ ఒక్క మాట కోసం నేను చాయ్‌లు పోసి ఉంటాను! ఆ మాట చివరికి ఆయన నోట వచ్చినప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నల్లద్దాల సారు చెడ్డవాడేం కాదు. శాలువా కప్పాడు, దండ వేశాడు, పాతికేళ్ల సేవ అన్నాడు. కాని కళ్ల ఉద్యోగం కళ్లు పోతున్న మనిషికి ఎలా ఉంటుంది? సారు స్థానంలో నన్ను పెట్టారు. అమ్మ సంఘంలో అందరికీ మిఠాయి పంచుతానంటే నేను పంచనివ్వలేదు. "దేవుడు నీ ప్రార్థన ఇన్నడు గని, అడ్రసు తప్పింది" అన్నాను. తర్వాత ఆదివారం అమ్మ సంఘంలో లేచి నిలబడి, ఊరూ కులమూ తెలియని ఆ పెద్దమనిషి కళ్ల కోసం ఒక్కతే గొంతెత్తి వేడుకుంది.

ఇప్పుడు చేలల్లో ఫోన్లు వచ్చాయి. ఆకు ఫొటో తీస్తే నంబరు అదే చెబుతుంది, పూటకో మాట చెబుతుంది, ఎండలో ఒకటి, మబ్బులో ఒకటి. దానికి టిఫిను తిన్నావా అని అడిగేవాళ్లు లేరు. దానితో నాకు తేడా వచ్చినప్పుడు ఎగిరి గంతులేయను. ముందు ఒక్కో కన్నూ మూసుకుని, మెడ వంచి, నా కాళ్ల ముందరి వరసలు ఉన్నాయో లేవో చూసుకుంటాను. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో పూజ అనుకుంటారు.

నెలకోసారి దిల్‌సుఖ్‌నగర్‌లో సారు ఇంటికి పోతాను. ఆ ఇంట్లో నేల మీద ఏ వస్తువూ ఉండదు. చెప్పులు స్టూలు మీద, నీళ్ల బకెట్టు స్టూలు మీద, చెత్తబుట్ట కూడా స్టూలు మీదే. ఆంటీ ఇల్లు మొత్తాన్ని పైకి ఎత్తిపెట్టింది. బాల్కనీలో కరివేపాకు కుండీ బల్ల మీద ఉంటుంది. దానికి మచ్చ తెగులు పట్టుకుంది. పోయినవారం వెళ్లగానే సారు దాని ముందు నన్ను నిలబెట్టి, "అమ్మాయ్, ఒక్క చూపు. నాది పది" అన్నాడు. పై కొమ్మలు కళకళలాడుతున్నాయి. కింది కొమ్మలు మొత్తం మచ్చలే. నా కంటికి నలభై. అంతకుముందు నెల ఇదే కుండీకి ఆయన ఇరవై అన్నాడు, నేను ముప్పై అన్నాను. తేడా పెరిగిందని ఆయనకు తెలిసే అడుగుతున్నాడని నాకు అర్థమైంది. ఇరవై అందామా అని నాలుక కొసదాకా వచ్చింది. "బేరం చెయ్యకు" అన్నాడు, నా ముఖం వైపు చూడకుండానే. "నలభై సార్" అన్నాను. "ఊఁ" అని, మెడ వంచి కింది కొమ్మల్ని ఒక్కొక్కటే వెతుక్కున్నాడు. "నలభయ్యే. డాక్టరు అపాయింటుమెంటు ముందుకి జరుపుకోవాలన్నమాట. చాయ్ నాదే" అని లోపలికి కేకేశాడు, ఆంటీ గిన్నె పెట్టే చప్పుడు వినబడింది. నా కన్ను తప్పు చూసిందని, కొత్త కన్నుకు అంతా జబ్బుగానే కనబడుతుందని ఆయన ఇంకొక్కసారి అంటే, ఎల్బీనగర్ చౌరస్తా మొత్తానికీ నేనే చాయ్ తాగించేదాన్ని. మెట్రో మెట్లు దిగుతుంటే బకెట్టు మీద నిలబడి యాభై ఐదు అని అరిచిన ఆ బురద పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడు ఎదురుపడితే దాన్ని దిగవే పొగరుదానా అనను. ఆ బకెట్టేదో ఇంకాస్త ముందే ఎక్కుంటే ఏం పోయేదే నీకు, అని మాత్రం అడుగుతాను.